బాయిల రూలు, బజార్ల రూలు

(బొగ్గుబాయిలో సర్దారుగా బతుకంతా పనిచేసిన ఒక కార్మికుని జ్ఞాపకార్థం పెద్దపల్లిలో చేసిన ఉపన్యాసం పాఠం)

గోదావరిఖనిలో భూగర్భ గని షిఫ్టు మారే వేళ, మనుషులు దిగే దారైన మ్యాన్‌వే దగ్గర ఒక తనిఖీ జరుగుతుంది. లోపలికి దిగే మనిషి జేబులు తడిమి చూస్తారు. బీడీ, సిగరెట్టు, అగ్గిపెట్టె ఏదీ లోపలికి పోరాదు. బొగ్గు పొరల్లోంచి ఊరే మీథేన్‌కు ఒక్క నిప్పురవ్వ చాలు. రోజుకు కట్ట బీడీలు తాగే మనిషి కూడా ఆ ఎనిమిది గంటలు బీడీ మాట ఎత్తడు. తనిఖీ చేసేవాణ్ని తిట్టుకోడు. చేతులు చాచి నిలబడతాడు, తడిమించుకుంటాడు, దిగిపోతాడు.

ఎవరి పేరు మీద ఈ సభ జరుగుతున్నదో ఆయన అలా దిగినవాళ్లకు ముందు నడిచిన మనిషి. గని సర్దారు చేసే మొదటి పని కప్పును చూడటం. కర్రతో తట్టి వింటాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది, పొర విడిన కప్పు డొల్లగా పలుకుతుంది. డొల్ల చప్పుడు వినబడితే పని ఆపించి మనుషులను వెనక్కి పంపే బాధ్యత చట్టం సర్దారు మీదనే పెట్టింది. 1952 గనుల చట్టం కింద 1957లో వచ్చిన బొగ్గుగనుల నిబంధనలు, వాటి స్థానంలో 2017లో వచ్చిన కొత్త నిబంధనలు రెండూ ఈ బాధ్యతను నిలిపాయి. గని అధికారుల నిచ్చెనలో సర్దారుది అడుగు మెట్టు. అయినా కప్పు విషయంలో అతని మాట పై మెట్టు మీదివాళ్లు కూడా వినవలసిందే.

షిఫ్టు దిగిన తర్వాత ఏం జరుగుతుంది? అదే కార్మికుడు ల్యాంపు అప్పజెప్పి, టోపీ తీసి, బైకు తాళం చేతిలోకి తీసుకుంటాడు. ఎనిమిది గంటలు టోపీ లేకుండా ఒక్క అడుగు వేయని తల ఇప్పుడు బోసిగా రాజీవ్ రహదారి ఎక్కుతుంది. వెనక ఇద్దరు దోస్తులు. చౌరస్తాలో ఎర్రదీపం వెలిగితే అటూ ఇటూ చూసి పోనిస్తాడు.

మనిషి మారలేదు. చదువు మారలేదు, కులం మారలేదు, జీతం మారలేదు. ఒక గంటలో మారింది నియమం. ఈ ఉపన్యాసం ఆ గంట గురించి.

ఈ ప్రశ్నకు మన ఊళ్లలో ఒక జవాబు తయారుగా ఉంటుంది. "చదువులేని జనం, లైన్ల నిలవడుడు రాదు, ఎక్కడ వడితే అక్కడ ఉమ్ముతరు" అనే జవాబు అది. ఇల్లు, కారు, నెల జీతం ఉన్నవాళ్ల నోట ఈ మాట తరచు వినబడుతుంది. అందులో బాధ ఉంది, కొంత నిజమూ ఉంది. కానీ వాళ్లు చూసిన దృశ్యం సగమే. పెద్దపల్లి బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకునే మనిషిని చూసి మొహం చిట్లించుకోవడం తేలిక. ముందే రిజర్వేషన్ చేయించుకున్నవానికి దస్తీ వేసే అవసరమే రాదు. అతని క్రమశిక్షణకు ఖరీదు అప్పటికే చెల్లించి ఉంటాడు. నలభై సీట్ల బస్సుకు నూరు మంది నిలబడ్డ చోట లైను కడితే వెనక అరవై మంది మిగిలిపోతారు. పొద్దున కూలికి అందుకోవలసిన మనిషికి ఆ అరవైలో ఉండటమంటే ఒక రోజు పోవడం.

మరి ఉన్నవాళ్లు నియమాలు ఎక్కువ పాటిస్తారా? అమెరికాలో పాల్ పిఫ్, ఆయన సహచరులు 2012లో అచ్చువేసిన పరిశోధన ఈ ప్రశ్ననే రోడ్డు మీదికి తెచ్చింది. కాలిఫోర్నియాలో పాదచారి దాటుతుంటే కారు ఆగాలన్నది చట్టం. పరిశోధకులు రోడ్డు పక్కన నిలబడి, కార్ల ఖరీదును బట్టి ఐదు మెట్లు కట్టి, ఎవరు ఆగారో ఎవరు ఆగలేదో రాసుకున్నారు. అడుగు మెట్టు పాత కార్లవాళ్లంతా ఆగారు. పై మెట్టు ఖరీదైన కార్లలో దాదాపు సగం ఆగకుండా పోయాయి. ఈ ఫలితం ప్రపంచమంతా పాకింది. అయితే దీన్ని వేదవాక్కులా పట్టుకోవడం తప్పు. గమనించిన కార్లు కొన్ని వందలే. 2015లో జర్మన్ పరిశోధకులు పెద్ద పెద్ద సర్వేల లెక్కలు తీసి, దానధర్మాల్లో, ఇతరులకు సాయపడటంలో పైవర్గాల వాళ్లు వెనకబడలేదని చూపించారు. కాబట్టి ధనికుడు చెడ్డవాడు, పేదవాడు మంచివాడు అనే పాట పాడటానికి ఆధారం లేదు. మంచితనాన్ని పక్కన పెట్టి చూస్తేనే విషయం అర్థమవుతుంది. నియమం ఎవరి మీద ఎంత బరువుతో పడుతున్నది, ఎవరి మీద అసలు పడటం లేదు అన్నదే చూడవలసింది.

దానికి కాలిఫోర్నియా దాకా పోనక్కర్లేదు. ఉత్తర తెలంగాణ పల్లె యాభై ఏళ్ల కింద ఎలా ఉండేదో చెప్పేవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. దొర గడీ ముందు నుంచి పోతే చెప్పులు చేతపట్టుకోవాలి. సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాలి. భుజం మీది తువ్వాల తీయాలి. దొర వస్తుంటే అరుగు మీదివాడు లేచి నిలబడాలి. ఇవన్నీ రోజువారీ నియమాలే. ఎక్కడా రాసిలేవు, అయినా తప్పినవాళ్లు తక్కువ. తప్పితే దండుగ కట్టాలి, లేదా దెబ్బలు తినాలి. చాయ్ హోటల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టే పద్ధతి కూడా అలాంటిదే. తాగి, కడిగి, దాని చోట దాన్ని బోర్లించి పోవాలి. అంటరానితనాన్ని రాజ్యాంగం పదిహేడో అధికరణంలోనే రద్దు చేసింది, 1955 నుంచి దానికి శిక్ష కూడా ఉంది. అంటే ఆ హోటల్లో చట్టానికి వ్యతిరేకమైన నియమాన్ని అందరూ ఎంతో క్రమశిక్షణతో పాటించారు. నియమం పాటించడం గొప్ప గుణమని చెప్పేవాళ్లు ఆ గ్లాసు దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

ఇక్కడి పేదలకు మొదటి స్వేచ్ఛ నియమం తప్పడంలో దొరికింది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది రైతుకూలీలు చేసిన జైత్రయాత్ర గురించి చెప్పేటప్పుడు అందరూ కూలిరేట్లు, భూములు, వెట్టి గురించి చెబుతారు. చెప్పవలసిందే. దానితోపాటు ఊరూరా జరిగిన చిన్నచిన్న నియమ ఉల్లంఘనలు కూడా ఉన్నాయి. గడీ ముందు సైకిలు దిగకపోవడం, చెప్పులు విప్పకపోవడం, దొర వచ్చినా కూర్చునే ఉండటం. దొరలు వసూలు చేసిన దండుగలు తిరిగి కట్టాలని రైతుకూలీ సంఘాలు అడిగాయి. కాదన్న చోట చాకలి, మంగలి, జీతగాళ్లు పని మానుకున్నారు. అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తల ఎత్తుకోవడానికి నియమం తప్పవలసి వచ్చిన తరం అది. ఆ తరం పిల్లలకు, మనవలకు యూనిఫాం వేసుకున్న మనిషి చేయి అడ్డం పెట్టి "ఆగు" అంటే ఏం గుర్తుకొస్తుంది? అది ట్రాఫిక్ నియమమా, గడీ హుకుమా? తేడా చెప్పవలసిన పని ప్రభుత్వానిది. ఆ పని సరిగా జరగలేదు.

అదే కాలంలో పైవాళ్లు ఏ నియమాలు ఎలా పాటించారో కూడా చూడాలి. ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో ఉన్న మంథని నుంచి పి.వి. నరసింహారావు 1957 మొదలుకొని నాలుగుసార్లు శాసనసభకు వెళ్లారు. 1971లో ముఖ్యమంత్రి అయ్యాక భూసంస్కరణల పని పట్టుకున్నారు. సీలింగు చట్టం రాకముందే భూములు చేతులు మారిపోకుండా 1972లో బదలాయింపుల మీద నిషేధం తెచ్చారు. స్థానికుల ఉద్యోగాల మీద వచ్చిన ముల్కీ తీర్పు, ప్రత్యేకాంధ్ర కోసం సాగిన జై ఆంధ్ర ఉద్యమం, భూస్వాముల కోపం కలిసి 1973 జనవరిలో ఆయన పదవి పోయింది. చట్టం మాత్రం ఆ ఏడాదే వచ్చింది, 1975 జనవరి 1 నుంచి అమలైంది. కుటుంబానికి తరి (మాగాణి) అయితే నేల తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే 35 నుంచి 54 ఎకరాలు. మిగిలింది అప్పగించాలి.

అప్పగించిన భూమి తక్కువ, దాచిన భూమి ఎక్కువ. పాత తేదీలతో పంపకాల కాగితాలు పుట్టాయి, బంధువుల పేర్లు, జీతగాళ్ల పేర్లు పట్టాల్లోకి ఎక్కాయి. తన పేరు మీద పదెకరాలున్న సంగతి తెలియకుండా ఆ పదెకరాల్లోనే జీతం చేసినవాళ్లున్నారు. ఇదీ నియమ ఉల్లంఘనే. కానీ దీన్ని ఎవరూ "క్రమశిక్షణ లేదు" అనలేదు. తెలివి అన్నారు. బజారులో అడ్డంగా నడిచేవాడి తప్పు పదిమందికీ కనబడుతుంది. పట్వారీ దఫ్తర్లో జరిగిన తప్పు కాగితాల మడతల్లో ఉంటుంది. పేదవాడు బయట తప్పుతాడు, ఉన్నవాడు లోపల తప్పుతాడు. మన నిందలన్నీ బయటి తప్పుల మీదనే.

సింగరేణి బొగ్గుబాయిలకు వస్తే, నియమం ఏ వైపు నుంచి రాశారన్నది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఒక నిబంధన ఉండేది. పది మంది లేదా అంతకు మించి కూడబలుక్కుని, నోటీసు లేకుండా పనికి రాకపోతే ఎనిమిది రోజుల దాకా జీతం కోయవచ్చు. ఒక్క పూట మానితే ఎనిమిది రోజుల కూలి. బాయిలో తోటివాడు చనిపోతే, సర్దారును అవమానిస్తే అప్పటికప్పుడు పనిముట్లు కింద పెట్టే కార్మికుడి మీద ఈ కత్తి వేలాడింది. 1981లో దానికి వ్యతిరేకంగా సింగరేణిలో 56 రోజులు సమ్మె జరిగింది. అంత కాలం పస్తులకు సిద్ధపడిన మనుషులు క్రమశిక్షణ లేనివాళ్లు కారు. వాళ్లే మ్యాన్‌వే దగ్గర జేబులు చూపించినవాళ్లు. తమ ప్రాణం కాపాడే నియమానికి తలవంచారు, తమ కడుపు కొట్టే నియమానికి ఎదురు నిలిచారు. ఈ రెండింటినీ వేరు చేసి చూడగలగడం బాయి నేర్పిన చదువు.

దండుగ అనే మాటకు తెలుగులో రెండర్థాలున్నాయి, జరిమానా ఒకటి, వృథా ఒకటి. ఒకే మాటలో ఆ రెండూ ఎలా కలిశాయో కట్టినవాళ్లను అడిగితే తెలుస్తుంది. తెలంగాణ పోలీసులు 2022 మార్చిలో పెండింగు ట్రాఫిక్ చలాన్ల మీద రాయితీ ప్రకటించారు. తోపుడుబండ్లకు 80 శాతం, ద్విచక్రవాహనాలకు 75, ఆర్టీసీ బస్సులకు 70, కార్లకు 50 శాతం మాఫీ. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ ఇచ్చారు. ఈసారి తోపుడుబండ్లు, ఆర్టీసీ బస్సులకు 90, బైకులు ఆటోలకు 80, కార్లకు, భారీ వాహనాలకు 60. ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఒకే జరిమానా తోపుడుబండివాని మీద, కారువాని మీద ఒకే బరువుతో పడదని ప్రభుత్వమే ఒప్పుకున్నది. కానీ నియమం రాసేటప్పుడు ఒప్పుకోలేదు, బకాయిలు గుట్టపడ్డాక ఒప్పుకున్నది. చలాను వచ్చిన వారంలోనే అప్పు చేసి కట్టిన ఆటో డ్రైవరుకు ఈ రాయితీ ఏం చెప్పింది? ఆగినవాడు గెలిచాడని చెప్పింది. అది అన్యాయం.

ఫిన్లాండులో ఇది ముందే ఆలోచించారు. 1921 నుంచి అక్కడ జరిమానాను రోజు ఆదాయం మీద లెక్కగట్టే పద్ధతి ఉంది. 2002లో నోకియా కంపెనీ ఉన్నతాధికారి అన్సీ వాన్యోకి గంటకు 50 కిలోమీటర్ల హద్దున్న చోట 75తో మోటారు సైకిలు నడిపినందుకు 1,16,000 యూరోల జరిమానా పడింది. తన ఆదాయం తగ్గిందని చూపించి తర్వాత ఆయన దాన్ని బాగా తగ్గించుకున్నాడు. తగ్గించుకున్నా సూత్రం సూత్రమే: తప్పు ఒకటే అయితే నొప్పి కూడా ఒకటే ఉండాలి. ఇక్కడ కూలికి ఒక చలాను అంటే ఒకటి రెండు రోజుల కూడు. కాంట్రాక్టరుకు అది పార్కింగు ఖర్చు.

జరిమానా ఖర్చుగా మారిపోతే ఏమవుతుందో ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల సంరక్షణ కేంద్రాల్లో తేలింది. పిల్లలను తీసుకుపోవడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని కొన్ని కేంద్రాల్లో జరిమానా పెట్టారు. ఆలస్యాలు దాదాపు రెట్టింపయ్యాయి. అంతకు ముందు టీచరమ్మ ఎదురుచూస్తుందనే సిగ్గు ఉండేది, జరిమానా వచ్చాక డబ్బు కట్టాం కదా అనే ధీమా వచ్చింది. జరిమానా ఎత్తేశాక కూడా ఆలస్యాలు తగ్గలేదు. 2000లో ఉరి గ్నీజీ, ఆల్డో రుస్తికినీ ప్రకటించిన ఈ ఫలితం మన లేఅవుట్ల కథకు అద్దం పడుతుంది. అనుమతి లేని ప్లాట్లను డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం 2020లో వస్తే రాష్ట్రంలో దాదాపు 25 లక్షల దరఖాస్తులు పడ్డాయి. అందులో తెలియక కొని మోసపోయిన చిన్న ఉద్యోగులు చాలామంది ఉన్నారు, వాళ్లను తప్పుపట్టలేం. కానీ చెరువు శిఖం చెక్కి ప్లాట్లు చేసి అమ్మినవాడు నియమాన్ని ముందునుంచీ ఒక ఖర్చుగానే లెక్కేసుకున్నాడు. న్యాయంగా చెప్పాలంటే 2014 డిసెంబరులో వచ్చిన జీవో 58 వేరే దారి చూపింది. ప్రభుత్వ స్థలంలో గుడిసె వేసుకున్న పేద కుటుంబానికి 125 గజాల దాకా ఉచితంగా హక్కు. అదే రోజు వచ్చిన జీవో 59 ఉన్నవాళ్లను డబ్బు కట్టి తీసుకోమన్నది. ఒకే తప్పుకు రెండు వర్గాలకు రెండు కొలతలు పెట్టి ప్రభుత్వం చేసిన అరుదైన పని అది.

పై మెట్టు మీదివాళ్లు మారతారా అన్న సందేహం వస్తే న్యూయార్క్ వైపు చూడవచ్చు. ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తలకు అక్కడ పార్కింగు జరిమానా కట్టకపోయినా నడిచేది, దౌత్య రక్షణ ఉండేది. 1997 నుంచి 2002 దాకా వాళ్లు కట్టని టికెట్లు లక్షా యాభై వేలు దాటాయి. 2002 చివర్లో నగరం గట్టిపడింది, బకాయి పెరిగిన బండి దౌత్య నంబరు ప్లేటు పీకేయడం మొదలుపెట్టింది. ఉల్లంఘనలు 98 శాతం పడిపోయాయి. ఆ పెద్దలకు రాత్రికి రాత్రి కొత్త సంస్కారం రాలేదు. రక్షణ పోయింది, అంతే.

మన చట్టంలోనూ అలాంటి మంచి వాక్యం ఒకటి నిద్రపోతున్నది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 210బి సెక్షన్ ఉంది. చట్టాన్ని అమలు చేయవలసిన అధికారులే తప్పు చేస్తే వాళ్లకు రెట్టింపు జరిమానా. 2017 మే 1 నుంచి మంత్రుల బండ్ల మీద ఎర్రబుగ్గలు తీసేయించడం కూడా మంచి పనే. బుగ్గ పోయింది, కానీ సైరన్ వినగానే చౌరస్తాలో అందరినీ ఆపి ఒక్క బండిని వదిలే అలవాటు పోలేదు. అక్కడ ఆగిన బైకు మీద ఒక తండ్రి, ముందు టాంకు మీద ఒక పిల్లవాడు ఉంటారు. ఆ పిల్లవాడు ఆ రెండు నిమిషాల్లో నేర్చుకున్న పాఠాన్ని ఏ పౌరశాస్త్రం పుస్తకం చెరపలేదు.

పేదలు నియమాలు పాటించరు అనే మాటకు ఇంకో వైపు ఉంది. నిజానికి పేదవాడి జీవితం నిండా నియమాలే. రేషన్ షాపులో వేలిముద్ర పడాలి. ఇటుకలు, సిమెంటు పట్టి అరిగిపోయిన వేళ్లు ఆ యంత్రం మీద ముద్ర వేయకపోతే బియ్యం ఆగుతుంది. ఉపాధి హామీ కూలికి 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫోటో తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని గుట్ట మీద ఫోటో ఎక్కకపోతే మస్టర్ పడదు, మస్టర్ పడకపోతే కూలి రాదు. ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవ, పింఛను కోసం పోస్టాఫీసు, ఆడవాళ్లకు బస్సులో జీరో టికెట్ కోసం ఆధార్ కార్డు. ఒక్క నియమం తప్పినా పస్తే. ఇన్ని నియమాలు ఇంత శ్రద్ధగా పాటించే మనిషి సాయంత్రం రోడ్డు మీద ఒక్క నియమం తప్పితే, అతనికి నియమాల మీద గౌరవం లేదని తీర్పు చెప్పడం తొందరపాటు. తోపుడుబండి రోడ్డు మీదికి వచ్చిందని తొలగిస్తారు. 2014 వీధి వ్యాపారుల చట్టం సర్వే పూర్తికాకుండా తొలగించరాదని చెబుతున్నది. ఆ పక్కనే మోరీ మీద సిమెంటు మెట్లు కట్టుకున్న షోరూము చెక్కుచెదరదు. ఆ రెండింటినీ ఒకే రోజు చూసిన బండివాడు ఏ నియమాన్ని గౌరవించాలి?

ఇంత మాత్రాన బాయి కార్మికుడు రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకోకపోవడం సరైనదని కాదు. అతని తల పగిలితే ఇంటికి వచ్చే ఒక్క జీతం ఆగుతుంది. పేదవాడు నియమం తప్పితే దాని దెబ్బ ముందు పేదవాడికే తగులుతుంది. ఆ తల కాపాడాలనుకునేవాళ్లు అతన్ని తిట్టే ముందు, బాయిలో అతను ఆ పని చేసి చూపిన సంగతి గుర్తుంచుకోవాలి.

సంతోషంగా చెప్పుకోవలసిన ఉదాహరణ ఈ జిల్లాలోనే ఉంది. 2016 అక్టోబరు 11న పుట్టిన పెద్దపల్లి జిల్లా స్వచ్ఛ సర్వేక్షణ్ గ్రామీణ్‌లో 2018లో దేశంలో మూడో స్థానం, 2019లో మొదటి స్థానం తెచ్చుకున్నది. అప్పటి కలెక్టర్ ఎ. శ్రీదేవసేన హయాంలో ఇంటింటికీ మరుగుదొడ్డి, ఇంకుడు గుంత అనే పని ఊరూరా నడిచింది. అంతకు ముందు ఇదే పల్లెల వాళ్లను చూసి "వీళ్లు మారరు" అన్నవాళ్లు ఉన్నారు. మారారు. ఎందుకంటే నియమం ఒంటరిగా రాలేదు, కట్టుకోవడానికి 12,000 రూపాయల సాయం వెంట వచ్చింది. మరుగుదొడ్డి లేని ఇల్లు పేదవాడిదైనా ఆసామిదైనా లెక్కలో ఒకటే ఇల్లు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ఇంకో అడుగు వేసింది. ఊళ్లో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నది, బతకకపోతే సర్పంచునూ పంచాయతీ కార్యదర్శినీ అడుగుతామన్నది. మేక మొక్క తిన్నదని మేకలకాపరిని దండించడం పాత పద్ధతి. ఊరి పెద్దను ముందు అడగడం కొత్త పద్ధతి. సర్పంచులకు ఇది బరువైంది, నిధులు రాక సతాయింపు అయింది, నిజమే. ఆ కష్టం వినాలి. కానీ నియమం మొదట పై మెట్టు మీద పడటం పల్లె కళ్లారా చూసింది.

మళ్లీ బాయికి. బాయిని పొగడటానికి ఈ మాటలు కావు. బాయిలో కూడా నియమాలు తప్పుతాయి. బొగ్గు టన్నుల లెక్క పై నుంచి ఒత్తుతుంటే కప్పు చూడటానికి పట్టే సమయం దండగలా కనబడుతుంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూకి 17 మంది చనిపోయారు. ఆ ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో కప్పు కూలి పదిమంది పోయారు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ "కార్మికుని నిర్లక్ష్యం" అనే మాట ముందు వినబడుతుంది. కార్మికులు దానికి ఒక జవాబు కనిపెట్టారు. ప్రపంచమంతటా గని కార్మికులు వాడిన ఆయుధం అది. రూలు పుస్తకంలో ఉన్నదంతా అక్షరం తప్పకుండా పాటిస్తూ పని చేయడం. అలా చేస్తే ఉత్పత్తి పడిపోతుంది. అంటే రోజూ ఉత్పత్తి నడవడానికి ఎన్ని నియమాలు, ఎవరి ఒత్తిడి మీద పక్కకు జరుగుతున్నాయో ఆ నిరసన బయటపెడుతుంది. కింది మెట్టు మనిషి నియమం తప్పినప్పుడు అతని వెనక నిలబడ్డ చేతిని కూడా చూడాలని అది నేర్పుతుంది.

ఇంత జరిగినా అగ్గిపెట్టె నియమం నిలిచింది, టోపీ నియమం నిలిచింది. ఎందుకు నిలిచాయో 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో జరిగినది చెబుతుంది. కప్పు కూలి ముగ్గురు చనిపోయారు. ఒకరు ఏరియా రక్షణ అధికారి, ఒకరు డిప్యూటీ మేనేజరు, ఒకరు కాంట్రాక్టు కార్మికుడు. రాయి పడేటప్పుడు ఎవరి జీతమెంతో చూడలేదు. లోపలికి దిగే ప్రతి మనిషికీ ఈ సంగతి ఎముకల్లో తెలుసు. తన పక్కన టోపీ పెట్టుకున్న మేనేజరు తనలాగే భయపడుతున్నాడని తెలుసు. భూమి పైకి వచ్చాక ఆ తెలివిడి చెదిరిపోతుంది. ఇక్కడ కప్పులు వేరు. ఒకరిది కాంక్రీటు, ఒకరిది రేకు, ఒకరిది పోలీసు జీపు.

పెద్దపల్లి మీదుగా పోయే రహదారి మీద హెల్మెట్ కోసం ఆపే రోజు, ముందుగా ఆపే బండి ఎవరిదన్నది ఆ దారిన పోయే కార్మికులు చూస్తారు. ఒక్క రోజు కాదు, ఏడాది పొడుగునా చూస్తారు. పోలీసు బండి, ఎమ్మెల్యే అనుచరుల బండ్లు, ఆఫీసుల ముందు ఆగే అధికారుల బండ్లు ఆ చెక్కు దగ్గర ముందు నిలబడితే, అదే 210బి సెక్షన్ కింద రెట్టింపు చలాను ఒక్కటి రాస్తే, బైకు మీది మనిషికి మ్యాన్‌వే దగ్గరి తనిఖీ గుర్తుకొస్తుంది. అక్కడ ఎలా నిలబడ్డాడో ఇక్కడా అలా నిలబడటం అతనికి కొత్తగా నేర్పనక్కర్లేదు.

జ్ఞాపకం చేసుకుంటున్న సర్దారు గురించి ఇంట్లోవాళ్లు ఒక మాట చెబుతారు. రిటైరైన తర్వాత కూడా ఏ ఇంటికి పోయినా గడప దాటగానే ఒక్క క్షణం ఆగి పైకి చూసేవాడట. దూలాలు, రేకులు, స్లాబు, ఏదైనా సరే. ఇంటివాళ్లు కుర్చీ జరిపి "కూసోండ్రి" అంటూనే ఉండేవాళ్లు. ఆయన చూపు కప్పు మీది నుంచి దిగాకే కుర్చీ వైపు పోయేది. వెంట వచ్చిన పిల్లలను కూడా అప్పటిదాకా గడప దగ్గరే నిలబెట్టేవాడు.